మ్యూజియంలో మధ్యాహ్నభోజనం

సంగారెడ్డి నుండి నాందేడ్ వైపు సాగే 161వ జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు చేరువలో పెద్దకొడప్‌గల్ ఉన్నది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైన ఈ ఊరు అంతకుముందు నిజామాబాదు జిల్లాలో భాగం. నల్లరేగడి నేల, జొన్నరొట్టె, తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ పలుకులు వినిపించే సంతలు ఈ ప్రాంతపు ఆనవాళ్లు. ఇటువంటి ఊళ్ల విద్యార్థులు విహారయాత్రకు హైదరాబాదు బయలుదేరితే, చార్మినార్, గోలకొండలతో పాటు సాలార్‌జంగ్ మ్యూజియాన్నీ చూడకుండా తిరిగిరారు. తెల్లవారకముందే బస్సెక్కిన పిల్లలు మూసీ దక్షిణపు గట్టున ఉన్న ఆ భవనంలో అడుగుపెట్టి, ముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని కన్నులారా చూసి, సంగీత గడియారం ముందుకు చేరేసరికి పన్నెండు కావస్తుంది. గడియారంలోని చిన్న బొమ్మ బయటికి వచ్చి గంటలు కొడుతుంది. చుట్టూ చేరిన జనానికి అది వినోదం. వేకువన నాలుగింటికి లేచిన పిల్లవాడికి మాత్రం అది అన్నం గంట.

ఆకలి రుచి ఎరుగదన్నారు పెద్దలు. అది శిల్పాన్నీ ఎరుగదు. అందువల్ల చూడవచ్చినవారి భోజనం మ్యూజియానికి చిన్న విషయం కాదు.

అయినా ప్రదర్శన గదులలోకి తినుబండారాలను అనుమతించరు. ఇందులో అధికారుల పెంకితనమేమీ లేదు. నేలరాలిన మెతుకుకు చీమ వస్తుంది, బొద్దింక వస్తుంది, వాటి వెనుకే ఎలుక వస్తుంది. మెతుకుతో మొదలుపెట్టిన ఈ అతిథులు పాత కాగితాన్నీ, పట్టువస్త్రాన్నీ, పుస్తకాల అట్టలకు పూసిన జిగురునూ విడిచిపెట్టవు. వంట ఆవిరి గాలిలోని తేమను పెంచుతుంది. నూనె పొగ చిత్రపటాలపై జిడ్డుగా పేరుకొంటుంది. మూడు వందల ఏళ్లు నిలిచిన చిత్రం ఒక వంటగది పొరుగున ముప్పై ఏళ్లలో మసకబారవచ్చు. కనుక మ్యూజియంలో పొయ్యి వెలిగించాలంటే ఎంతో ముందుచూపు కావాలి.

విచిత్రమేమిటంటే, అదే మ్యూజియంలో అద్దాల వెనుక కొలువుదీరిన వస్తువులలో భోజనానికి సంబంధించినవి తక్కువేమీ కావు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) కొంతకాలం నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రిగా పనిచేసి, ఆ తరువాత జీవితమంతా కళాఖండాల సేకరణకే వెచ్చించారు. చైనా, జపాను, ఐరోపా దేశాల పింగాణి పాత్రలు, గాజు సామాగ్రి, వెండి వస్తువులు ఆయన సేకరణలో చేరాయి. వాటిలో సెలడాన్ అనే లేత ఆకుపచ్చ పింగాణి గురించి ఒక నమ్మకం ఉండేది. విషం కలిసిన ఆహారం వడ్డిస్తే ఆ పళ్లెం రంగు మారుతుందని గానీ, పగిలిపోతుందని గానీ రాజకుటుంబాలవారు విశ్వసించేవారు. నిజానికి ఆ పచ్చదనానికి కారణం పూతలోని కొద్దిపాటి ఇనుము. ప్రాణవాయువు తక్కువగా ఉండే బట్టీలో కాల్చినందువల్ల అది ఆ రంగు పొందుతుంది. విషాన్ని పట్టే శక్తి దానికి లేదు. కాని పంక్తిలో పక్కన కూర్చున్నవాడినే నమ్మలేని ప్రభువుల బ్రతుకు ఎటువంటిదో ఆ పళ్లెం చెప్పినంతగా చరిత్ర గ్రంథాలు చెప్పవేమో!

1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఈ మ్యూజియాన్ని సాలార్‌జంగ్ నివాసమైన దివాన్ దేవిడీలో ప్రారంభించారు. 1968లో అది నేటి భవనానికి మారింది. ఒక ప్రభువు ఇంటి సొత్తు ఆ విధంగా ప్రజల సొత్తయింది. మరి ప్రభువు పళ్లేలను చూడవచ్చిన ప్రజలు ఎక్కడ తినాలి?

ఈ ప్రశ్నకు ముందుగా సమాధానం వెదికినది లండను నగరం. 1857లో అక్కడ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ప్రారంభమైంది. 1899 నుండి దానిని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని పిలుస్తున్నారు. సందర్శకులకు భోజనశాల ఏర్పాటు చేసిన మొదటి మ్యూజియంగా దానికి పేరున్నది. దాని సారథి హెన్రీ కోల్ ఆలోచన సూటియైనది. పగలంతా కర్మాగారంలో పనిచేసే కార్మికుడు రాత్రివేళ గాని రాలేడు. అందుకని గదులలో గ్యాసు దీపాలు పెట్టించాడు. వచ్చినవాడు ఆకలితో తిరిగిపోరాదు. అందుకని భోజనశాల పెట్టించాడు.

1860ల చివరి సంవత్సరాలలో అక్కడ రూపుదిద్దుకొన్న మూడు గదులు స్వయంగా కళాఖండాలే. ఆకుపచ్చని గదిని విలియం మారిస్ అనే యువకుని సంస్థకు అప్పగించారు. అప్పటికి ఆయనకు పేరు ప్రతిష్ఠలు అంతగా లేవు. మిత్రులైన ఫిలిప్ వెబ్, ఎడ్వర్డ్ బర్న్ జోన్స్‌లు ఆయనకు తోడ్పడ్డారు. నడిమి గదిని జేమ్స్ గాంబుల్ పింగాణి పలకలతో, ఎనామెల్ పూసిన ఇనుప పైకప్పుతో అలంకరించాడు. కడిగితే శుభ్రపడుతుంది, నిప్పుకు అంటుకోదు: ఇంతకుముందు చెప్పిన భయాలకు ఇది జవాబు. ఎడ్వర్డ్ పాయింటర్ తీర్చిన మూడవ గది గోడలపై నీలిరంగు పలకలను చిత్రించినవారు కళాశిక్షణ పొందుతున్న యువతులు. ఆ రోజులలో స్త్రీలకు అటువంటి పని దొరకడం అరుదు. 1939లో మూతపడిన ఈ గదులు 2006లో మళ్లీ ఫలహారశాలగా తెరుచుకొన్నాయి.

ఇంత గొప్ప ఆదర్శంలోనూ ఒక పగులు కనిపిస్తుంది. భోజన పట్టికలు మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి అని వేరువేరుగా ఉండేవి. మూడవది అక్కడ పనిచేసే కూలీలకు, ఆ కోవలోని శ్రామికులకు ఉద్దేశించినది. గోడమీది చిత్రం అందరిదీ, గిన్నెలోని కూర మాత్రం తరగతిని బట్టి!

భోజనపు బల్ల దగ్గర మనుషులను వేరుచేయడం ఒక్క లండనుకే పరిమితం కాలేదు. అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే కేటాయించిన ఫలహారపు బల్ల ముందు కూర్చొని, వడ్డించేవరకు లేవమన్నారు. వారు కళాశాల విద్యార్థులు. ఆ నిరసన నగరం నుండి నగరానికి ప్రాకింది. ఆ ఏడాది జూలైలో అక్కడి నిషేధం తొలగింది. ఆ బల్లలో ఒక భాగం నేడు వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉన్నది. తెలుగు పల్లెల టీ కొట్లలోనూ రెండు గ్లాసుల పద్ధతి కొనసాగిందని గుర్తుంచుకొంటే, ఆ బల్ల దూరదేశపు వింతగా కనిపించదు.

ఆ వాషింగ్టన్‌లోనే 2004లో అమెరికా మూలవాసుల మ్యూజియం ప్రారంభమైంది. అందులోని ఫలహారశాలకు ‘మిత్సితం’ అని పేరు పెట్టారు. మూలవాసుల భాషలో ఆ మాటకు ‘తిందాం రండి’ అని అర్థం. మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి మొదలైన వారి పంటలతో, ప్రాంతాలవారీగా వండిన వంటకాలు అక్కడ వడ్డించారు. వంట కూడా ఒక జాతి జ్ఞానమేనని, దానిని అద్దాల పెట్టెలో కాక పళ్లెంలో ప్రదర్శించాలని ఆ ఏర్పాటు ఉద్దేశం.

ఆ లెక్కన పెద్దకొడప్‌గల్ ఇంటి పొయ్యి దగ్గర కనిపించే నేర్పు తక్కువైనది కాదు. గోధుమపిండికి ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. వేడినీళ్లు పోసి కలిపి, విరగకుండా అరచేతితో తడుతూ గుండ్రంగా పెంచి, పెనం మీద వేసి పైన తడి అద్దాలి. తట్టే చేయి ఒక్కచోట బరువైతే అంచు చీలుతుంది. ఈ విద్యకు పాఠశాల లేదు. తల్లి పక్కన కూర్చున్న పిల్ల చూసి నేర్చుకొంటుంది. సెలడాన్ పళ్లెం కాల్చినవాని ఒడుపును మెచ్చుకొనే సందర్శకుడు, ఆ పళ్లెంలో పెట్టదగిన రొట్టె తట్టిన చేతి ఒడుపును కూడా అక్కడే చూడగలిగితే ఎంత బాగుండును! తెలంగాణలో కొత్తగా మ్యూజియం కట్టదలచినవారు వంటగదిని నక్షాలో చివర ఇరికించకుండా, మొదటే గీసుకోవలసి ఉన్నది. రొట్టె వెల పల్లె విద్యార్థి జేబుకు అందాలి. ధరల పట్టిక తెలుగులో ఉండాలి. సద్ది తెచ్చుకొన్నవారు పరాయివారిలా గేటు బయట కూర్చోకుండా, కొనుక్కొన్నవారి పక్కనే విప్పుకొని తినే బల్లలు, చేతులు కడుక్కొనే కుళాయిలు ఆ నక్షాలోనే ఉండాలి.