సింథసైజరు: కొనుటయా, కట్టుటయా?

ధ్వని యనగా గాలిలోని కంపనము. ఆ కంపనమును తీగతో, ఊపిరితో గాక విద్యుత్తుతో రూపొందించు వాద్యమే సింథసైజరు. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ వోల్టేజికి లోబడి పనిచేయు విభాగములను నిర్మించి దీనికి స్థిరరూపమిచ్చినాడు. 1969లో మూగ్ యంత్రమొకటి అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చేరినది. అట్టి యంత్రమును కొనలేని విద్యార్థి దానిని స్వయముగా కట్టుకొనగలడా యన్నదే ఇచట మేము పరిశీలించు ప్రశ్న.

సింథసైజరునకు ముఖ్యాంగములు నాలుగు. డోలకము స్వరమును పుట్టించును. వడపోత నాదమును మృదువుగా చేయును. వర్ధకము దానిని పెంచును, తగ్గించును. నాలుగవ అంగము స్వరము లేచి, నిలిచి, అణగు తీరును నిర్ణయించును.

వీనిలో డోలకము మిక్కిలి చౌక. 40106 అను ఐ.సి.లో ఆరు విలోమకములు కలవు. ఒకదాని అవుట్‌పుట్ నుండి ఇన్‌పుట్‌నకు నిరోధకమును, ఇన్‌పుట్ నుండి గ్రౌండునకు కెపాసిటరును కలిపినచో, కెపాసిటరు నిండుచు తరుగుచు ఉండును. అవుట్‌పుట్‌లో చతురస్ర తరంగము వెలువడును. నిరోధము సగమైనచో పౌనఃపున్యము రెట్టింపగును.

ఈ సూత్రముతోనే శ్రుతిపెట్టె సిద్ధించును. మూడు విలోమకములకు 0.1 మైక్రోఫారడు కెపాసిటర్లను, వరుసగా 60, 40, 30 కిలో ఓముల నిరోధములను అమర్చినచో పౌనఃపున్యములు 2:3:4 నిష్పత్తిలో నుండును. అవియే షడ్జమము, పంచమము, తారషడ్జమము. కెపాసిటర్లు అచ్చముగా సమానముగా నుండవు గనుక, 10 కిలో ఓముల నిరోధకముతో వరుసగా 100 కిలో ఓముల ప్రీసెట్‌ను కలిపి, చెవితో సరిచేయవలెను. మూడు అవుట్‌పుట్‌లను ఒక్కొక్క 10 కిలో ఓముల నిరోధకము ద్వారా ఒకచోట చేర్చి, అచటి నుండి గ్రౌండునకు 0.1 మైక్రోఫారడు కెపాసిటరును పెట్టినచో కర్కశత్వము తగ్గును. వాడని ఇన్‌పుట్‌లను గ్రౌండునకు కలుపవలెను. 9 వోల్టుల బ్యాటరీ చాలును. ఇంటి కరెంటును తాకనక్కరలేదు. ఈ వస్తువులన్నియు హైదరాబాదు కోఠీ దుకాణములలో లభించును.

అసలు చిక్కు మీటలు చేర్చునప్పుడు వచ్చును. సాధారణ పద్ధతిలో ఒక వోల్టు పెరిగిన స్వరము ఒక స్థాయి పైకి పోవును. అనగా అర్ధస్వరమునకు సుమారు 83 మిల్లీవోల్టులే. ఈ మార్పిడి చేయు ట్రాన్సిస్టరు స్వభావము డిగ్రీ వేడికి ఇంచుమించు 0.33 శాతము మారును. దానిని సవరించుటకు జత కుదిరిన ట్రాన్సిస్టర్లు, ప్రత్యేక నిరోధకములు కావలెను. మీటలు, పెట్టె, నికరమైన విద్యుత్ సరఫరా వీనికి తోడగును. అప్పుడు కట్టుట చౌక కాదు.

కావున పాటలు వాయించుటయే లక్ష్యమైనవారు పాత కీబోర్డు కొనుట లాభము. నాదము ఎట్లు పుట్టునో తెలియగోరువారు మాత్రము డోలకముతో మొదలిడి, అంగము వెంట అంగము చేర్చుకొనుట మేలు. వారికి దక్కునది వాద్యమొక్కటే కాదు. భౌతికశాస్త్ర పాఠము చెవికి వినిపించును.