మన యాసలోనే పిలుద్దాం, చెల్లీ!

రా చెల్లీ, కూర్చో. టీ చల్లారకముందే మనసులో ఉన్నది చెప్పేసెయ్. "మా పాపకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు" అనేగా నీ దిగులు? ఈమధ్య ఏ ఇంటికి వెళ్ళినా ఇదే మాట. కాపురం విశాఖలోనో, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో. స్కూల్లో ఇంగ్లీషు, అపార్టుమెంటులో పక్కింటి పిల్లలతో హిందీ, ఫోన్లో కార్టూన్లది ఇంకో భాష. సంక్రాంతికి రాజాంకో, టెక్కలికో, పార్వతీపురానికో వెళ్తే నానమ్మ ఏదో అడుగుతుంది, పిల్ల తిరిగి నీ మొహం చూస్తుంది. నువ్వు మధ్యలో కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తావు. అప్పుడు గుండెలో కలుక్కుమంటుంది కదూ?

ఆ కలుక్కు మనందరికీ ఉంది. అందుకని నువ్వేం తప్పు చేసేసినట్టు కుమిలిపోకు. ఉద్యోగం, వంట, హోంవర్కు, ఫీజులు, వీటి మధ్య పిల్లతో తీరిగ్గా కబుర్లు చెప్పే టైమే దొరకడం లేదు. దొరికిన ఆ కాస్తలోనూ "యూనిఫాం మార్చుకో, టిఫిన్ బాక్సు ఇలా ఇయ్యి" అనేసరికి పొద్దుపోతుంది. అయినా చెయ్యి దాటిపోయిందేమీ లేదు. కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ముందు ఒక మాట అడగనా? తెలుగు తగ్గిపోతోందన్న దిగులు అందరికీ ఉంది. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి దాని మీద ఇంకో దిగులుంది. మన తెలుగంటే మనకే బెరుకు. కాలేజీలో చేరిన కొత్తలో నోరు జారి "ఏటి?" అన్నందుకు ఎవరో పకపకా నవ్వుంటారు. "ఎల్లొస్తాను" అంటే హాస్టల్లో ఆ మాటే పట్టుకుని నెలంతా ఏడిపించుంటారు. సినిమాల్లో మన యాస చాలాకాలం నవ్వించడానికే పనికొచ్చింది. అప్పట్నుంచి మనం నోటికి ఒక తాళం వేసుకున్నాం. ఆఫీసులో ఒక తెలుగు, అమ్మతో ఫోన్లో గుసగుసగా ఇంకో తెలుగు.

ఆ బెరుకే మనకి తెలియకుండా పిల్లలకి అంటుకుంటోంది. "బేగి రామ్మా, బువ్వ తిందూగాని" అని నానమ్మ పిలిస్తే మనం గబుక్కున "బేగి అనకూడదమ్మా, త్వరగా అనాలి" అని పిల్లకి చెప్తాం. మనం చెప్పింది పిల్లకే, గుచ్చుకున్నది మాత్రం నానమ్మకి. ఆ పెద్దావిడ ఆ రోజు నుంచి మనవరాలితో ఆచితూచి మాట్లాడుతుంది, తర్వాత తర్వాత నవ్వి ఊరుకుంటుంది. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ నోరు మనమే మూయిస్తే, పిల్లకి ఎవరు నేర్పుతారు చెప్పు?

కాబట్టి మొదటి పని, సిగ్గు వదిలెయ్యడం. మన మాటకి ఏం తక్కువైందని? 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడినప్పుడు గురజాడ అప్పారావుగారు స్టేజీ మీదకి తెచ్చింది ఆ ఊరి జనం మాట్లాడుకునే తెలుగునే. నూరేళ్ళు దాటినా తెలుగువాళ్ళు ఆ నాటకం చదువుతూనే ఉన్నారు. బడి పుస్తకాల్లో మనుషులు మాట్లాడే తెలుగు ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. రాష్ట్రమంతా తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది మన జిల్లాలో పుట్టిన ఆయన పుట్టినరోజుకే! చాసో విజయనగరంలో కూర్చుని రాసిన కథలు, కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం', వంగపండు పాటలు, వీటన్నిటికీ ఊపిరి మన ఇళ్ళలో మాటే. ఈసారి ఎవరైనా నవ్వితే తల దించుకోకు. పిల్ల ముందు అసలు దించుకోకు.

"మరి బయటికెళ్తే ఇబ్బంది పడదా?" అంటావు. పడదు. ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా మాట్లాడాలని పిల్లలకి మనం నేర్పక్కర్లేదు, వాళ్ళే పసిగట్టేస్తారు. రెండు మూడు భాషలు ఒకేసారి వింటే పిల్లలు గందరగోళ పడిపోతారన్నది ఉత్త భయం. ప్రపంచంలో కోట్లమంది పిల్లలు అలాగే పెరుగుతున్నారు. మొదట్లో రెండూ కలిపి మాట్లాడతారు, మాట్లాడనీ. ఇంటాయన "ఇంగ్లీషు వెనకబడిపోతుందేమో" అంటే, 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పమందని చెప్పు. ఇంట్లో మాట గట్టిపడిన పిల్లకి ఇంకో భాష నేర్చుకోవడం తేలికే. ఇంగ్లీషుకి స్కూలుంది, ట్యూషనుంది, ఊరంతా ఉంది. మన మాటకి మన ఇల్లు తప్ప ఇంకేముంది?

ఇక ఏం చెయ్యాలో చెప్తాను, విను. పెద్ద పెద్ద ప్రతిజ్ఞలు వద్దు. "ఈ రోజు నుంచి ఇంట్లో ఇంగ్లీషు బంద్" అన్నావంటే మూడో రోజుకి నువ్వే అలిసిపోతావు. రోజులో ఒక పని ఎంచుకో. తల దువ్వేటప్పుడో, అన్నం పెట్టేటప్పుడో, పడుకోబెట్టేటప్పుడో, ఆ పని మొదలైతే మన తెలుగే. పిల్ల ఇంగ్లీషులో జవాబిచ్చినా కసురుకోకు. నువ్వు మాత్రం నీ మాట మార్చకు. "వాటర్ కావాలి" అంటే "మంచినీళ్ళా? ఇదిగో తాగు" అని అందియ్యి, చాలు. పరీక్ష పెట్టినట్టు "దీన్ని తెలుగులో ఏమంటారు చెప్పు?" అని చుట్టాల ముందు అడక్కు. మనల్ని ఎవరైనా అలా నిలదీస్తే మనకి మాత్రం నోరు పెగుల్తుందా?

రెండోది, నానమ్మకో అమ్మమ్మకో ఫోన్. "హాయ్ చెప్పు, బై చెప్పు" అనిపించి పెట్టేస్తే లాభం లేదు. పిల్లకి ఒక పని అప్పగించు. చోడి అంబలి ఎలా కాస్తారో కనుక్కోమను. పిండి ఎప్పుడు నానబెట్టాలి, నూక ఎప్పుడు వెయ్యాలి, మజ్జిగ ఎంత పొయ్యాలి, ఒక్కొక్కటీ పిల్లే అడగాలి. మర్నాడు మీరిద్దరూ కలిసి కాచి, గ్లాసులో పోసి, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టి ఫొటో పంపండి. "ఓలమ్మో, నా బంగారు తల్లే! మరీ పల్చగా కాసేసినావేటే?" అని అవతల నుంచి కేక వినబడుతుంది చూడు, ఆ కేక పిల్ల చెవిలో ఉండిపోతుంది. వారానికొక వంట చాలు. పనసపొట్టు కూర, నువ్వుపొడి, మామిడి తాండ్ర, ఒక్కోదాని వెనక ఒక్కో కబురు నడుస్తుంది. ఆ ఫోన్ మాటలు రికార్డు చేసి దాచు. పెద్దవాళ్ళ గొంతు మనకి ఎల్లకాలం ఉండదు తల్లీ.

చేతిలో పని ఉంటే నోట్లో మాట దానంతటదే వస్తుంది. పొందూరు ఒకసారి పిల్లని తీసుకెళ్ళి చూపించు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే ఆడవాళ్ళు అక్కడ కనిపిస్తారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ళతో గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వి దువ్వి, నలుసులన్నీ పోయి పోగులు సాపుగా నిలబడేదాకా వదలరు. ఆ తర్వాతే ఏకడం, వడకడం. ఈ పని ఎవరూ పలక మీద రాసి నేర్పలేదు. అమ్మ పక్కన కూర్చున్న కూతురు చూసి నేర్చుకుంది, పనితోపాటు ఆ పనిముట్ల పేర్లూ, ఆ కబుర్లూ వచ్చేశాయి. బొబ్బిలి వీణ చేసే సర్వసిద్ధి కుటుంబాల్లోనూ అంతే, ఒక్క పనసమానులోంచి వీణ తొలిచే నేర్పు తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి వచ్చింది. మన ఇంట్లో వీణలూ రాట్నాలూ లేకపోవచ్చు. చిక్కుడుకాయలు ఒలవడం, అప్పడాలు ఆరబెట్టడం, గొబ్బెమ్మలు పెట్టడం లేవూ? పిల్లని పక్కన కూర్చోబెట్టుకో. టీవీ కట్టెయ్.

మూడోది పండగ. దసరా వెళ్ళిన మొదటి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను. రద్దీ, తోపులాట అని భయపడి ఎన్నేళ్ళు టీవీలో చూపిస్తావు? ఒక్కసారి తీసుకెళ్ళు. వెళ్ళే ముందు కథ చెప్పు. 1757లో బొబ్బిలి యుద్ధం, దాని వెంటే ప్రాణాలు పోగొట్టుకున్న విజయనగరం రాజు విజయరామరాజు, ఆయన చెల్లెలే పైడితల్లి అని మన పెద్దలు చెప్పుకునే కథ. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల సాగుతుంటే ఏది ఏదో పేరు పెట్టి చూపించు. అంత పొడుగు చింతమాను చివర పూజారి కూర్చుని గాల్లో వస్తుంటే జనం అరటిపళ్ళు విసురుతారు, పిల్ల చేతికీ ఒక పండు ఇయ్యి. మీ ఊళ్ళో అమ్మోరి సంబరమైనా సరే, తప్పెటగుళ్ళు వాయిస్తుంటే ముందు వరసలో నిలబెట్టు. తూర్పు భాగోతం ఆడుతుంటే సగం నిద్రలోనైనా కాసేపు చూడనీ. సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు.

ఇంట్లో పెద్దల పేర్లు చెప్పినా చాలు, కథలు పుడతాయి. అప్పలనాయుడు అంటే సింహాచలం అప్పన్న, కూర్మినాయుడు అంటే శ్రీకూర్మం, ముఖలింగం తాత అంటే శ్రీముఖలింగం, సూర్యనారాయణ అంటే అరసవల్లి. ఈసారి సెలవులకి మీ ముత్తాత పేరు ఏ గుడిదో వెతుక్కుంటూ వెళ్ళండి. ఆ దారిలోనే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో 1997లో పెట్టింది. తెలుగు కథలకి అంత పెద్ద నిలయం మన ఊళ్ళో ఉంటే పిల్లలకి చూపించొద్దూ? నాలుగు అక్షరాలు చదవడం వచ్చిన పిల్లకైతే అక్కడి అలమారలే చాలు, మిగతావి చదవాలనిపించడానికి.

ఇంకొక్క సంగతి చెప్పనిస్తావా? మన దిగులు ఇలా ఉంటే, మన కొండల మీద సవర అక్కచెల్లెళ్ళ దిగులు ఇంకా పెద్దది. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు సవర ఇళ్ళలో మాట్లాడే భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు, అది ముండా కుటుంబానికి చెందిన భాష. పసితనంలోనే పిల్లలు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేరిపోతే తల్లి మాట వినేది సెలవుల్లోనే. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండగా, సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడులు పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వాళ్ళబ్బాయి సీతాపతిగారు కూడా సవర భాష మీద పనిచేశారు. ఆ తర్వాత మన ప్రభుత్వం కూడా చిన్న తరగతులకి సవరలో పుస్తకాలు వేసింది. పుస్తకాలు ఎంతైనా సాయమే, కానీ పిల్ల నోట మాట పలికించాల్సింది తల్లే. సవర చెల్లెమ్మా, ఈ ముచ్చట నీ కంటపడితే నీకూ అదే చెప్తాను. సెలవులకి బిడ్డ ఇంటికొస్తే తెలుగులో పలకరించకు, నీ భాషలోనే పలకరించు. నువ్వు గోడ మీద బొమ్మలు వేస్తుంటే చేతికి రంగు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకో. పక్కింటి మనం కూడా వాళ్ళ మాట విని నవ్వకూడదు, మన పిల్లల్ని నవ్వనివ్వకూడదు. నవ్వితే ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

దూరం వెళ్ళిపోతే ఏమవుతుందన్న భయానికీ మన దగ్గర ఒక పాత కథ ఉంది. 19వ శతాబ్దంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి ఎందరో చెరకు తోటల పనికి మారిషస్‌కీ, 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కీ ఓడలెక్కి వెళ్ళారు. ఇప్పటి మన జిల్లాలన్నీ అప్పట్లో ఆ పెద్ద జిల్లాల్లోనే ఉండేవి. మారిషస్‌లో ఇవాళ్టికీ ఉగాదికి దేశమంతా సెలవు, రామభజనలు ఉన్నాయి, బళ్ళలో తెలుగు చెప్తారు. కానీ చాలా ఇళ్ళలో రోజువారీ మాట క్రియోల్ అయిపోయింది, నటాల్‌లో ఇంగ్లీషు అయిపోయింది. వాళ్ళని తప్పు పట్టగలమా? ఊరికి ఉత్తరం ముక్క వెయ్యడమే గగనమైన రోజుల్లో అంత దాచుకున్నారంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ వాళ్ళ అనుభవం మనకి ఒకటి చెప్తోంది. పండగని సంఘం కాపాడుతుంది, గుడి కాపాడుతుంది. రోజూ మాట్లాడే మాటని మాత్రం ఇల్లే కాపాడాలి. మన చేతిలో ఫోనుంది, ఊరికి రైలుంది, అవతల నానమ్మ ఉంది. మనం ఎందుకు పోగొట్టుకోవాలి?

ఇదంతా విని "ఇప్పటికే ఆలస్యమైపోయిందేమో, నా కొడుక్కి పదమూడేళ్ళు" అంటావా? ఏం ఆలస్యం లేదు. పెద్ద పిల్లలకి పద్ధతి మార్చాలి, అంతే. వాడికి పాటలిష్టమైతే వంగపండు పాటలు వినిపించు. వీడియోలు తీయడం ఇష్టమైతే తాత చేత పాత సంగతులు చెప్పించి తియ్యమను. వాడు మాట్లాడేది వచ్చీరాని తెలుగైనా పరవాలేదు. మీ ఆయనది వేరే భాషైతే ఆయన భాష ఆయన్ని మాట్లాడమను, నీది నువ్వు మాట్లాడు. అత్తగారు, ఆడపడుచు, మరిది, అందరికీ ఒక మాట చెప్పు. పిల్ల తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వొద్దు అని. ఎవరూ కాదనరు, అడగాలే గానీ.

ఈ సాయంత్రం పిల్ల స్కూలు నుంచి రాగానే నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. బ్యాగు దింపించి, దగ్గరకి తీసుకుని, మీ అమ్మ నిన్ను ఎలా అడిగేదో అలాగే, ఆ యాసలోనే, "ఏటమ్మా, ఇవాళ ఏటి సేసినావు?" అని అడుగు. జవాబు ఏ భాషలో వచ్చినా సరే, రేపు మళ్ళీ అలాగే అడుగు.