కళ్లు తెరుచుకునే ప్రేమించు

రాజమహేంద్రవరం,
మాఘ పౌర్ణమి.

చిరంజీవి చిన్నికి,
అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పడానికి నోరు రాక నాలుగు పేజీలు రాశానన్నావు. మంచి పనే చేశావు. ఫోన్లో అయితే నేను మాటమాటకీ అడ్డుపడేదాన్ని. చివర్లో రెండు కోరికలు కోరావు. మీ నాన్నని ఒప్పించమనడం ఒకటి. "ముప్పై ఏళ్లు కావ్యాలు పాఠం చెప్పావు కదత్తయ్యా, ఇది ప్రేమో కాదో నువ్వే తేల్చు" అనడం రెండోది. మొదటిది తేలిక. కులం వేరని మా తమ్ముడు నాలుగు రోజులు గునుస్తాడు, ఐదో రోజు నేను వచ్చి కూర్చుంటే దారికొస్తాడు. రెండోదే నన్ను నిద్రపోనివ్వలేదు.

ముందొక సంగతి చెప్పనీ. కావ్యాల్ని తూకంరాళ్లు చేసుకుని ప్రేమని తూచబోతే మోసపోతాం. మన లాక్షణికులు శృంగారాన్ని రెండుగా విడదీశారు. కలిసి ఉంటే సంభోగం, ఎడబాటయితే విప్రలంభం. కవుల ప్రాణమంతా రెండోదాని మీదే. కృష్ణశాస్త్రిగారికి ఊర్వశి దొరికిపోయి ఉంటే ఆ కవిత్వం మనకి దక్కేది కాదు. 1953లో 'దేవదాసు' వచ్చినప్పుడు మా అమ్మ కొంగు తడిసేలా ఏడ్చిందట. ఆ దేవదాసూ పార్వతీ పెళ్లి చేసుకుని, నెలాఖర్న పాలవాడి బాకీ దగ్గర కీచులాడుకుంటే ఎవరు టిక్కెట్టు కొనేవాళ్లు? "అతను కనబడని రోజు ముద్ద దిగడం లేదు" అని నువ్వూ రాశావు. నమ్ముతాను. అయితే ఆ మాట అతను లేని రోజు గురించి చెబుతుంది. అతను ఎదురుగా ఉన్న రోజు నీకేం కనబడుతోందో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

అందుకని నీకు రెండు కథలు చెబుతాను. రెండూ నువ్వు విన్నవే, పక్కపక్కన పెట్టి ఉండవు.

ఒకటి పెద్దన మనుచరిత్ర. సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకి కరిగిపోయి ప్రవరుడు హిమాలయాల్లో చిక్కుబడ్డాడు. వరూధిని చూసింది, మనసుపడింది, బతిమాలింది. అతను తోసేసి ఇంటిదారి పట్టాడు. మా కాలేజీలో పాఠం అక్కడికే ఉండేది. అసలు కథ తర్వాత ఉంది. అంతకుముందు వరూధిని కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపు వేసుకుని వచ్చాడు. వస్తూ ఒక షరతు పెట్టాడు, కలిసే వేళ కళ్లు మూసుకోవాలని. ఆమె మూసుకుంది. వాడే ప్రవరుడనుకుంది.

ఒక ఏడు, గ్రంథాలయంలో పుస్తకం ముందుకి చదివేసిన పిల్లొకతె లేచి, "అంత ప్రేమించింది కదా మేడమ్, మనిషి మారిపోతే తెలియలేదా?" అని అడిగింది. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. ఆ పిల్ల మొహం నాకిప్పటికీ గుర్తే. నిజానికి పెద్దన కథలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. వరూధిని ప్రేమించింది ఎవర్ని? ప్రవరుడి నిష్ఠనా, మాటతీరునా, ఇంటికోసం అతను పడ్డ ఆరాటాన్నా? అవన్నీ ఆమెకి అడ్డంకులుగానే కనబడ్డాయి. ఆ అందం ఎవరు తొడుక్కొచ్చినా చాలిపోయింది.

రెండోది భారతంలో నలోపాఖ్యానం. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు ఆమె మనసిచ్చిన నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. వరుసలో ఐదుగురు నలులు. దమయంతి దేవతల్నే వేడుకుంది, మీ గుర్తులు నాకు చూపించండని. అప్పుడు కళ్లు తెరుచుకుని ఒక్కొక్కర్నీ చూసింది. నలుగురికి రెప్పపాటు లేదు, చెమట లేదు, మెడలో దండ వాడలేదు, పాదం నేలకి ఆనలేదు. ఐదోవాడికి నీడ ఉంది. ఒంటిమీద దుమ్మూ చెమటా ఉన్నాయి. దండ వాడిపోయింది. దమయంతి ఆ వాడిన దండవాడి మెళ్లో తన పూలదండ వేసింది.

చిన్నీ, ముప్పై ఏళ్ల పాఠాల సారం నాకు ఇక్కడే దొరికింది. ప్రేమంటే గుర్తుపట్టడం. చెమటనీ నీడనీ చూసి, ఇతనే నావాడనుకోవడం.

దమయంతికి ఆ పరీక్ష ఒక్కసారితో తీరలేదు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, అడవిలో నిద్రపోతున్న ఆమె చీర సగం చించుకుని వదిలేసి పోయాడు. కర్కోటకుడనే పాము కాటేస్తే రూపం పోయి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరాడు. ఈసారి కంటికి ఆనవాలు లేదు. ఆమె దాసిని పంపి అతని నడవడి కనిపెట్టింది. అతను వండిన మాంసం తెప్పించి నోట్లో వేసుకుంది. రుచి చెప్పింది మొగుడెవరో. నలపాకమని ఊరికే అంటామే, ఆ వంటకి అంతటి విలువ. గుర్తుపట్టగానే కాళ్లమీద పడిపోలేదు. నిద్రలో ఉన్న పెళ్లాన్ని అడవిలో వదిలేసిన ధర్మజ్ఞుణ్ణి ఎక్కడైనా చూశావా అని ఎదురుగా నిలబెట్టి అడిగింది. ప్రేమ ఉంటే ఆ ప్రశ్న అడగకూడదని ఎవరైనా చెబితే నమ్మకు.

ఇంత చెబుతున్న నేను బతుకులో ఏం చేశానో కూడా చెప్పాలిగా. పెళ్లయిన కొత్తలో మీ మామయ్యకి చలంగారి 'ప్రేమలేఖలు' ఇచ్చాను. రెండో పేజీలో నిద్రపోయారు. ఈయనకి మనసు లేదని ఆరోజే తీర్పు ఇచ్చేశాను. ఆ తీర్పు మీదే ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను. ఆయన బజారుకెళితే నేను తినని పొట్లకాయ ఎప్పుడూ సంచీలోకి రాలేదు. నా బీపీ మాత్రలు అయిపోకముందే కొత్త అట్ట బల్లమీద ఉండేది. ఇవన్నీ వాటంతట అవే జరిగిపోతున్నాయనుకున్నాను. ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించిన రాత్రి నర్సు అడిగింది, "ఏ పక్కకి తిరిగి పడుకుంటారమ్మా? ఏ మందైనా పడదా?" అని. నాకు తెలియదు. ఆ గదిలో సిగ్గుతో తలొంచుకుని నిలబడ్డాను. వరూధిని గురించి అంత బాగా పాఠం చెప్పేదాన్ని, నా పక్కన ఎవరున్నారో చూడనేలేదు. తర్వాత ఆయన తొమ్మిదేళ్లు బతికారు. ఆ తొమ్మిదేళ్లే నా కాపురమని చెప్పుకుంటాను.

కాబట్టి తీర్పు నన్నడగకు. ఎలా చూసుకోవాలో మాత్రం చెబుతాను. అతను ఆటోవాడితో చిల్లర దగ్గర ఎలా మాట్లాడతాడో చూడు. వాళ్లమ్మ రెండోసారి అడిగినప్పుడు ఎలా జవాబిస్తాడో చూడు. నీకు అతని కంటే పెద్ద ప్రమోషన్ వస్తే మొహం ఎలా ఉంటుందో చూడు. జ్వరంతో, జిడ్డు మొహంతో ఉన్న నిన్ను కూడా అతన్ని చూడనీ. గుర్తుపట్టడం రెండువైపులా జరగాలి. నీ మౌనంలో కోపమేదో అలసటేదో అతనికి తెలుస్తోందా, కనీసం తెలుసుకోవాలని ఉందా?

ఒక్కచోట మాత్రం రెండో ఆలోచన పెట్టుకోకు. నీ జీతం సంగతి నువ్వు చూడొద్దు, ఆ స్నేహితులు వద్దు, అత్తయ్యకి ఇవన్నీ రాయొద్దు అని ఎవరైనా అంటే, అది గంధర్వుడి షరతు. కళ్లు మూసుకోమనేవాడికి ఏదో దాచుకునే పని ఉంటుంది. ఎంత ముద్దుగా అడిగినా మూసుకోకు.

చూశాక అతనిలో లోపాలు కనబడతాయి. కనబడాలి. ఆ లోపాలతో రోజూ కాఫీ తాగగలననిపిస్తే నాకు చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను. ఆ లోపాలు నిన్ను చిన్నబుచ్చేవైతే, భయపెట్టేవైతే, అప్పుడూ నాకే చెప్పు. తిరిగి రావడానికి ఈ ఇంటి తలుపు ఉంది.

ఉగాదికి అతన్ని వెంటబెట్టుకుని రా. మీ నాన్నని కూడా పిలుస్తాను. ఆరోజు వంట మాత్రం నేను చెయ్యను, నువ్వూ చెయ్యకు. వంకాయలు గంపెడు తెప్పించి ఉంచుతాను, అతన్నే చెయ్యమను. మాడ్చినా ఫరవాలేదు. మాడిందని ఒప్పుకుంటాడో, పొయ్యి మీద నెపం పెడతాడో, ముద్ద నోట్లో పెట్టుకుని ఇద్దరం కలిసే చూద్దాం.

వేళకి తిను.

నీ మేనత్త