అప్‌డేట్ అడిగినప్పుడు ‘తర్వాత’ అంటున్నారా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి పాప మార్కుల గురించి మాట్లాడుకున్నాక, వాళ్ల నాన్నగారు లేవబోతూ జేబులోంచి ఫోన్ తీసి చూపించారు. “మేడం, ఇది రోజూ అప్‌డేట్ చెయ్యమని అడుగుతా ఉంది. చేస్తే స్లో అయిపోతుందని మా అంగడి పక్కన పిల్లోడు చెప్పినాడు. పాపేమో చెయ్యి నాయనా అంటా ఉంది. ఎవరి మాట వినాలి?” అని అడిగారు.

పాప మాటే వినండి అన్నాను. కానీ ఎందుకో రెండు నిమిషాల్లో చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ నెల పాఠం. గంగవరంలో, పలమనేరులో మన ఇళ్లన్నింటికీ పనికొచ్చేదే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

కట్ట, కింద మడులు

మన ఫోన్‌లో వాట్సాప్ ఉంటుంది, ఫోన్‌పే ఉంటుంది, బ్యాంకు యాప్ ఉంటుంది, స్కూల్ యాప్ ఉంటుంది. ఇవన్నీ దేని మీద ఆధారపడి నడుస్తాయో దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఫోన్లలో ఆండ్రాయిడ్, ఐఓఎస్, కంప్యూటర్లలో విండోస్.

మన వైపు చెరువులు చూసిన వాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ చెరువు కట్ట లాంటిది. యాప్‌లు కట్ట కింద మడులు. మన మడి గట్టు మనం ఎంత బాగా వేసుకున్నా, చెరువు కట్టకు బొక్క పడితే నీళ్లు మడిలోకి రాకుండా ఆగవు. అలాగే బ్యాంకు యాప్ ఎంత మంచిదైనా, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోపం ఉంటే ఆ యాప్‌కూ ప్రమాదమే.

ఆ బొక్క పూడ్చడాన్నే సెక్యూరిటీ అప్‌డేట్ అంటారు. దానికి ఇంకో పేరు ప్యాచ్. ఇంగ్లీషు టీచర్ని కాబట్టి ఈ మాట అర్థం చెప్పకుండా ఉండలేను: చిరిగిన బట్టకు మన అమ్మమ్మలు వేసే మాసికనే ఇంగ్లీషులో ప్యాచ్ అంటారు. మైక్రోసాఫ్ట్ విండోస్‌కు ఈ మాసికలను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. 2003 నుంచి ఇదే పద్ధతి. ఆండ్రాయిడ్‌కు కూడా నెలనెలా విడుదల చేసే పద్ధతిని గూగుల్ 2015లో మొదలుపెట్టింది.

మన అక్షరంతో ఆగిపోయిన ఐఫోన్లు

కింద ఉన్న లోపం పైన ఎలా కనపడుతుందో చెప్పడానికి మన తెలుగు అక్షరమే ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక వింత జబ్బు వచ్చింది. ‘జ్ఞానం’లో మొదట వచ్చే ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో, అంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరి వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. మెసేజ్ తెరిస్తే మెసేజ్ యాప్ ఆగిపోయేది. వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ ఆగిపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే మొరాయించేది. తెలుగు ఒక్క ముక్క రాని విదేశీయుల ఫోన్లు కూడా అలాగే ఆగిపోయాయి.

తప్పు వాట్సాప్‌ది కాదు, మన అక్షరానిదీ కాదు. అక్షరాలను తెర మీద గీసి చూపించే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. లోపం అక్కడ ఉంది. వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా అది పోదు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చింది, దానితో సమస్య తీరింది. అప్‌డేట్ వేసుకున్న వాళ్లకు తీరింది. ‘తర్వాత’ అన్న వాళ్లకు, ఆ అక్షరాన్ని ఆకతాయితనంగా పంపే వాళ్లు ఉన్నంత కాలం, సమస్య అలాగే ఉంది.

మన జిల్లాకు వచ్చిన వానాక్రై

అది ఒక చిన్న ఇబ్బంది. అసలు నష్టం ఎలా ఉంటుందో అంతకు ముందు సంవత్సరమే మన చిత్తూరు జిల్లా చూసింది.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌కు ఒక అప్‌డేట్ ఇచ్చింది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు ఒకదానికొకటి ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే భాగంలో ఉన్న పెద్ద లోపాన్ని అది సరిచేసింది. నెల రోజులకు, ఏప్రిల్‌లో, ఆ లోపాన్ని ఎలా వాడుకోవచ్చో చూపించే రహస్య పనిముట్టు ఒకటి ఇంటర్నెట్‌లో బయటపడింది. మే 12న ‘వానాక్రై’ దాడి మొదలైంది.

అది కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని తెర మీద ఎర్రటి బోర్డు పెట్టేది. మూడు రోజులు దాటితే 600 డాలర్లు. ఒక కంప్యూటర్‌కు సోకితే, ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా, అదే నెట్‌వర్క్‌లోని పక్క కంప్యూటర్‌కు దానంతటదే పాకేది. కొద్ది రోజుల్లోనే 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లకు సోకింది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లోనూ కొన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి.

ఇక్కడ తేదీలు గమనించండి. మందు వచ్చింది మార్చి 14న. జబ్బు వచ్చింది మే 12న. మధ్యలో 59 రోజులు. దెబ్బతిన్న కంప్యూటర్లలో ఎక్కువ శాతం విండోస్ 7వి. వాటికి మార్చిలోనే మందు సిద్ధంగా ఉంది. ఎవరూ వేయలేదు, అంతే.

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. కంపెనీ ‘ఫలానా చోట బొక్క పూడ్చాం’ అని ప్రకటించగానే, ఆ బొక్క ఎక్కడుందో దొంగకు కూడా తెలిసిపోతుంది. పూడ్చుకోని కట్టలు ఎవరివా అని వాడు వెతుక్కుంటాడు. అంటే అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి మనం వేసుకునే రోజు వరకు మన ప్రమాదం తగ్గకపోగా పెరుగుతుంది. ‘తర్వాత’ అనే బటన్ ఖరీదు అదే.

మరి అప్‌డేట్‌తో ఇబ్బందులే లేవా?

ఉన్నాయి. ఉన్నవి దాచితే ఇది పాఠం కాదు, ప్రకటన అవుతుంది.

ఒకటి, సమయం. నేనూ చాలా నెలలు ‘తర్వాత’ అంటూ వచ్చినదాన్నే. ఒక రోజు తొమ్మిదో తరగతిలో ప్రొజెక్టర్ పెట్టి పాఠం మొదలుపెట్టబోతే, పేరుకుపోయిన అప్‌డేట్లన్నీ లాప్‌టాప్ అప్పుడే మొదలుపెట్టింది. పీరియడ్ అంతా పిల్లలు శాతాలు లెక్కపెట్టారు. తప్పు నాదే. ముందు రోజు రాత్రి నేనే వేసుకుని ఉంటే సరిపోయేది.

రెండు, స్లో అవడం. అప్‌డేట్ వేశాక ఒకటి రెండు రోజులు ఫోన్ లోపల సర్దుకుంటుంది. అప్పుడు వేడెక్కడం, చార్జింగ్ త్వరగా దిగడం మామూలే. అయితే అప్‌డేట్లలో రెండు రకాలున్నాయి. ఫోన్ రూపురేఖలే మార్చే పెద్ద వెర్షన్ అప్‌డేట్ ఒకటి, లోపాలను మాత్రమే పూడ్చే చిన్న సెక్యూరిటీ అప్‌డేట్ ఒకటి. పాత ఫోన్‌కు భారమయ్యేది ఎక్కువగా మొదటిది. రెండోదానికి భయపడాల్సిన పని లేదు.

మూడు, పాత సాఫ్ట్‌వేర్ పనిచేయకపోవడం. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ అంగళ్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఇంకా పాత విండోస్ కంప్యూటర్లు ఉంచుకుంటారు. కొత్త విండోస్ వేస్తే అవి సరిగా నడవవేమోనని భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అలాంటి కంప్యూటర్‌ను ఆ ఒక్క పనికే ఉంచి, ఇంటర్నెట్ తీసేసి, బ్యాంకు పనులు వేరే దాంట్లో చేసుకోవడం మేలు.

నాలుగు, అప్‌డేటే తప్పుగా రావడం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన అప్‌డేట్‌లో తప్పు దొర్లి, ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర పడి ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది విండోస్ సొంత అప్‌డేట్ కాదు, కానీ విండోస్ లోతుల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్‌ది. అందుకే అప్‌డేట్ ముందు ముఖ్యమైన ఫైళ్లకు కాపీ పెట్టుకోమంటారు. మంచి మందు కూడా ఎప్పుడో ఒకసారి వికటించవచ్చు. అంత మాత్రాన మందులే మానేయం కదా.

పిల్లల చేతికి వెళ్లే పాత ఫోన్

తల్లిదండ్రులుగా మీరు ముఖ్యంగా గమనించాల్సింది ఇది. మన ఇళ్లలో కొత్త ఫోన్ కొన్నాక పాతది ఎవరికి వెళ్తుంది? హోంవర్క్ చూసుకోవడానికి పిల్లలకు. సాధారణంగా అది అప్‌డేట్లు రావడం ఆగిపోయిన ఫోనే. అందులో అమ్మ జీమెయిల్ అలాగే ఉంటుంది. నాన్న పాత సిమ్ ఉంటుంది, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తుంటాయి. ఇంట్లో అందరికంటే ఎక్కువ గేములు, లింకులు నొక్కేది ఆ చిన్న చేతులే. బలహీనమైన కట్ట కింద మన డబ్బును, పిల్లలను ఒకే చోట ఉంచుతున్నాం.

పాత ఫోన్ ఇవ్వాల్సి వస్తే ముందుగా ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బ్యాంకుకు లింకైన సిమ్ అందులో వేయకండి. మీ జీమెయిల్‌కు బదులు పిల్లల పేరుతో వేరే అకౌంట్ పెట్టి, గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో మీ ఫోన్‌కు కలుపుకోండి. యూపీఐ యాప్ ఆ ఫోన్‌లో ఉండనే కూడదు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అదీ చూడండి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి, లేదా కంప్యూటర్ సరిపోతే విండోస్ 11కు మారాలి. మద్దతు ఆగినా కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది. అందుకే మనకు తెలియదు.

ఆదివారం అరగంట పని

పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఇవి చేయండి.

1. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’, అందులో ‘ఆండ్రాయిడ్ వెర్షన్’ తెరవండి. సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ కనపడుతుంది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్ తేదీ ఒక కాగితం మీద రాయమని పిల్లలకు చెప్పండి. ఏడాది దాటిన ఫోన్‌లో డబ్బు పనులు చేయకపోవడం మంచిది.

2. ఫోటోలు, ముఖ్యమైన కాగితాలు వేరే చోట కాపీ పెట్టుకోండి.

3. ఫోన్ సగానికి పైగా చార్జ్ చేసి, ఖాళీ జాగా చూసుకుని, సెట్టింగ్స్‌లోని ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ లేదా ‘సిస్టమ్ అప్‌డేట్’ నొక్కండి. రోజువారీ డేటా సరిపోకపోతే వైఫై ఉన్న చోట చేయండి. రాత్రి పడుకునే ముందు పెడితే పని చెడదు.

4. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో యాప్‌లను కూడా అప్‌డేట్ చేయండి. కట్ట బాగుచేసి మడి గట్టు వదిలేసినా నష్టమే.

5. కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి ‘విండోస్ అప్‌డేట్’ చూడండి. కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి.

ఒక్క హెచ్చరిక

అప్‌డేట్ చేయమన్నాను కదా అని ‘అప్‌డేట్’ అన్న ప్రతిదాన్నీ నొక్కకండి. అసలైన అప్‌డేట్ సెట్టింగ్స్‌లో, ప్లే స్టోర్‌లో, ఆప్ స్టోర్‌లోనే ఉంటుంది. వాట్సాప్ మెసేజ్‌లోనో, ఎస్సెమ్మెస్ లింకులోనో రాదు. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ అంటూ ఏపీకే ఫైళ్లు వస్తుంటాయి. తెలిసిన వాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవకండి. వాళ్ల ఫోన్ అప్పటికే వేరే వాళ్ల చేతిలో ఉండొచ్చు. డబ్బు పోయిందని అనుమానం రాగానే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

మీటింగ్‌లో నన్ను అడిగిన ఆ నాన్నగారికి చివరగా ఒక మాట. మీ పాప చెప్పింది నిజమేనండి. స్కూల్లో నేర్చుకున్నది పిల్లలు ఇంట్లో చెప్పినప్పుడు ఒకసారి విని చూడండి. వచ్చే మీటింగ్‌కు ప్రోగ్రెస్ కార్డుతో పాటు మీ ఇంటి ఫోన్ల తేదీలు రాసిన ఆ కాగితం కూడా తీసుకురండి. మార్కులతో పాటు దాన్నీ చూస్తాను.

— మీ పిల్లల ఇంగ్లీషు టీచర్, గంగవరం శాఖ