ఎవరి పాస్‌వర్డ్ వారిదే

నస్పూర్ చుట్టూ బొగ్గు బాయిలున్నాయి. ఇవి సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా బాయిలు. బాయిలోకి దిగేవారి పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి. 1952 గనుల చట్టం ఈ మాట చెప్పింది. దిగే ముందు కార్మికులు లాంపు రూములో లైటు తీసుకుంటారు. పైకి వచ్చినాక తిరిగి ఇస్తారు. లైటు తిరిగి రాకుంటే ఆ మనిషి కోసం చూస్తారు.

ఒకరి పేరు మీద ఇంకొకరు దిగితే ఏమవుతుంది? ప్రమాదం జరిగిన నాడు లోపల ఎవరున్నారో తేలదు.

ఆఫీసు కంప్యూటర్లకు కూడా ఇలాంటి లెక్కే ఉంది.

ఒక ఆఫీసులో పది కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. అవన్నీ ఒక పెద్ద కంప్యూటర్‌తో కలిసి ఉంటాయి. దానిని సర్వర్ అంటారు. ఇలా కలిపిన ఏర్పాటును నెట్‌వర్క్ అంటారు. లెక్కలన్నీ సర్వర్‌లో ఉంటాయి. పదిమందీ ఒకేసారి పని చేయవచ్చు.

మరి ఏ పని ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది? అందుకే ప్రతి ఒక్కరికీ ఒక పేరు ఇస్తారు. దానికి ఒక రహస్యపు మాట ఉంటుంది. అదే పాస్‌వర్డ్. ఈ రెండూ కొట్టి లోపలికి పోవడం లాగిన్. పని ముగించి బయటికి రావడం లాగౌట్.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఒకే కంప్యూటర్‌ను చాలామంది కలిసి వాడే ఏర్పాటు చేశారు. ఒకరి కాగితాలు ఇంకొకరు చూడకుండా అక్కడ పాస్‌వర్డ్ పెట్టారు.

పొదుపు సంఘం సొమ్ము బ్యాంకులో ఉంటుంది. పెద్ద మొత్తం ఇయ్యాలంటే ఒక ఉద్యోగి లెక్క ఎక్కిస్తారు. ఇంకో ఉద్యోగి చూసి సరే అంటారు. ఇద్దరి పాస్‌వర్డ్‌లూ ఒకరికే తెలిస్తే? ఎక్కించేదీ ఆ ఒక్కరే, సరే అనేదీ ఆ ఒక్కరే. చూసేవారే ఉండరు. సంఘం సొమ్ముకు కాపలా పోయినట్టే.

"మనం మనం ఒకటే కదా, పాస్‌వర్డ్ చెబితే ఏమైతది?" అని కొందరు అంటారు. సంతకం నేర్చిన అక్క తెల్ల కాగితం మీద సంతకం చేసి ఇస్తుందా? ఇయ్యదు. పాస్‌వర్డ్ చెప్పడం కూడా అలాంటిదే. పని ఎవరు చేసినా కంప్యూటర్ మీ పేరే రాస్తుంది. నింద మీ మీద పడుతుంది.

చాలా ఆఫీసుల్లో ఒక పేరు ఒక కంప్యూటర్‌లోనే తెరుచుకునేలా పెడతారు. అదే పేరు రెండో చోట కొడితే రానియ్యదు. లేదా మొదటి చోట మూసేస్తుంది. మీ పేరు ఇంకోచోట తెరిచి ఉందని వస్తే గాబరా పడవద్దు. లాగౌట్ చేయకముందే కరెంటు పోయినా అలా కావచ్చు. అయినా కంప్యూటర్లు చూసే ఉద్యోగికి వెంటనే చెప్పాలి. అనుమానం ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోవాలి.

మోసంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడటం నేరం. 2000 సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద 3 ఏండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

గుర్తుంచుకోండి

1. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు. పై ఆఫీసరు అడిగినా చెప్పవద్దు.
2. కాగితం మీద రాసి కంప్యూటర్‌కు అంటించవద్దు.
3. చాయ్‌కి లేచినా సరే, లాగౌట్ చేసి లేవండి.
4. కొత్తగా పనిలో చేరితే మీ పేరుతో లాగిన్ అడగండి. ఇంకొకరి పేరుతో పని చేయవద్దు.

ఆలోచించండి, చెప్పండి

1. లాంపు రూము లెక్కకు, లాగిన్‌కు పోలిక ఏమిటి?
2. సంఘం సొమ్ముకు ఇద్దరు ఉద్యోగులు ఎందుకు కావాలి?
3. మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీని ఇంకొకరికి చెప్పవచ్చా? ఎందుకు?