పాత బెంజ్ తీసుకోవచ్చా? కాంపాక్ట్ లగ్జరీ సెడాన్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఫోన్ల గురించి అడిగే మన పాఠకుల్లో ఈ మధ్య కార్ల గురించి అడిగేవాళ్లు కూడా పెరిగారు. ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, టాప్ మోడల్ క్రెటాకు పెట్టే పైసలకు ఇంకో రెండు మూడు లక్షలు కలిపితే పాత బెంజో, బీఎండబ్ల్యూనో వస్తుంది కదా, తీస్కోవచ్చా?" అడిగేవాళ్లలో కొందరు భూమి అమ్మిన పైసలతో ఉన్నారు, కొందరు పెళ్లి కోసం చూస్తున్నారు. అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పకుండా, ఫోన్ రివ్యూ చేసినట్టే ఒక్కో పాయింట్ విడదీసి చూద్దాం.

నేను ఉండేది సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో. సూర్యాపేట నుంచి జనగామ పోయే 365బి జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. లగ్జరీ బ్రాండ్ల షోరూమ్‌లు, సర్వీస్ సెంటర్లు హైదరాబాద్‌లోనే. అంటే మాకు ఒకవైపు దాదాపు 125 కిలోమీటర్లు. ఈ ఆర్టికల్‌లో లెక్కంతా అలాంటి ఊరి నుంచి వేసిందే.

అసలు ఈ సెగ్మెంట్ ఏంటి?

బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి కంపెనీల సెడాన్లలో అన్నిటికంటే చిన్నవి ఇవి. ఆడి ఏ3 సెడాన్ 2014 ఆగస్టులో రూ.22.95 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. 2015 జనవరిలో మెర్సిడెస్ సీఎల్ఏ రూ.31.50 లక్షలకు వచ్చింది. 2020 అక్టోబర్‌లో బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే రూ.39.30 లక్షలకు, 2021 మార్చిలో మెర్సిడెస్ ఏ-క్లాస్ లిమోసిన్ రూ.39.90 లక్షలకు మొదలయ్యాయి. అన్నీ ఎక్స్‌షోరూమ్ ధరలే. 2025 జులైలో వచ్చిన కొత్త 2 సిరీస్ గ్రాన్ కూపే అయితే రూ.46.90 లక్షల దగ్గర మొదలైంది.

స్పెసిఫికేషన్స్ చూస్తే కొందరు ఆశ్చర్యపోతారు. ఏ-క్లాస్ ఏ200లో ఉన్నది 1,332 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, పవర్ 163 పీఎస్. కొత్త గ్రాన్ కూపేలో ఉన్నది మూడు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజిన్. రెండూ ఫ్రంట్ వీల్ డ్రైవ్. కాగితం మీద పవర్ ఒక్కటే చూస్తే సగం ధరకు వచ్చే సెడాన్లు పక్కన నిలబడతాయి. మరి పైసలు దేనికి? క్యాబిన్ నాణ్యత, స్పీడ్‌లో నిలకడ, సేఫ్టీ, నిశ్శబ్దం, ఆపైన బ్యానెట్ మీది గుర్తు. గుర్తుకు పైసలు పెట్టడం తప్పేం కాదు. కానీ అందులో గుర్తుకు ఎంత పోతుందో తెలిసి పెట్టాలి.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్, డీజిల్ కార్లకు జీఎస్టీ 40 శాతం, సెస్ లేదు. అంతకుముందు సెస్‌తో కలిపి 1,500 సీసీ లోపు సెడాన్‌కు 45, అంతకు మించితే 48 శాతం ఉండేది. ఈ పన్ను ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది.

దాని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్. 20 లక్షలు దాటిన కారుకు 2022లో 18 శాతం చేశారు, 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు. దాదాపు ఐదో వంతు అనుకుని లెక్క వేసుకోండి. ఇంట్లో ఇప్పటికే మీ పేరు మీద కారు ఉంటే రెండో కారుకు ఇంకో 2 శాతం. పది లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు, కానీ అది ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు. చాలామంది దాన్ని మర్చిపోతారు.

ఇదే రేంజ్‌లో ఎలక్ట్రిక్ కారు చూస్తే కథ వేరు. జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. ఇంట్లో ఛార్జర్ పెట్టుకునే వీలున్నవాళ్లు దీన్ని పక్కన పెట్టొద్దు.

ఐదేళ్ల లెక్క

ఉదాహరణకు ఎక్స్‌షోరూమ్ రూ.45 లక్షలు అనుకుందాం. లైఫ్ ట్యాక్స్ 9 లక్షలు, తొలి ఇన్సూరెన్స్ లక్షన్నర. మొత్తం 55.5 లక్షలు.

ఇన్సూరెన్స్‌లో కారు విలువను ఐడీవీ అంటారు. దానికి తరుగు పట్టిక ఉంది: ఆరు నెలలు దాటి ఏడాది లోపు 15 శాతం, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50. ఈ తరుగు ట్యాక్స్ లేని ధర మీద. అంటే ఐదో ఏట మన 45 లక్షల కారు 22.5 లక్షలు. మార్కెట్‌లో ఇంకా తక్కువ రావొచ్చు, కానీ దీన్నే తీసుకుందాం.

55.5లో 22.5 తీసేస్తే ఐదేళ్లలో కరిగింది 33 లక్షలు. నెలకు 55 వేలు. పెట్రోల్, సర్వీస్, టైర్లు, తర్వాతి ఏళ్ల ఇన్సూరెన్స్ ఇందులో లేవు. మా మార్కెట్ యార్డు భాషలో చెప్పాలంటే, 2025–26 ఏ-గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389 ప్రకారం నెలనెలా 23 క్వింటాళ్ల వడ్లు కారు కింద పోసినట్టు.

40 లక్షలు లోన్ తీసుకుంటే 9 శాతం వడ్డీకి ఐదేళ్ల ఈఎంఐ దాదాపు రూ.83 వేలు. వడ్డీ ఒక్కటే దగ్గర దగ్గర 9.8 లక్షలు.

ఈ లెక్క చూసినవాళ్లు "అందుకే కదా సెకండ్ హ్యాండ్ అంటున్నది, ఆ తరుగు మొదటోడు భరించాడు" అంటారు. నిజమే. అయితే ఇక్కడే అసలు పాఠం ఉంది: పాత కారు ధర తగ్గుతుంది, దాని స్పేర్ పార్ట్ ధర తగ్గదు. 22 లక్షలకు కొన్నా అది 45 లక్షల కారే. హెడ్‌ల్యాంప్ పోతే 45 లక్షల కారు హెడ్‌ల్యాంపే కొనాలి. ఎల్ఈడీ హెడ్‌ల్యాంప్ ఒక్కటి లక్ష దాటడం ఈ సెగ్మెంట్‌లో మామూలే. పైగా మీ చేతికొచ్చే సరికి కంపెనీ వారంటీ అయిపోయి ఉంటుంది.

మన రోడ్డు, వాళ్ల టైరు

ఫోన్ స్పెక్స్ చదివినట్టే టైరు మీది నంబర్ చదవండి. 225/45 ఆర్17 అంటే టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 101 మి.మీ. 215/60 ఆర్17 అయితే 129 మి.మీ. ఆ 28 మిల్లీమీటర్ల రబ్బరే గుంతలో రిమ్‌ను కాపాడేది. రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్న కార్లలో స్టెప్నీ ఉందో లేదో డిక్కీ తెరిచి చూసుకోండి. పక్క గోడ చీలితే మన పంక్చర్ షాపులో అతుకు పడదు. ఆ సైజు టైరు సూర్యాపేటలో దొరుకుతుందా అని కొనక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రెండోది స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్లల్లో ఎత్తు ఉంటుంది, వెడల్పు ఉండదు. ఏ-క్లాస్ వీల్‌బేస్ 2,729 మి.మీ. ఇంత పొడుగు, అంత తక్కువ ఎత్తు ఉన్న కారు నిటారు దిమ్మె మీదికి నేరుగా ఎక్కితే కడుపు తగులుతుంది. టెస్ట్ డ్రైవ్ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చేసి మురిసిపోవద్దు. నలుగురిని ఎక్కించుకుని మీ ఊరి బ్రేకర్ల మీద చేయండి. కుదరకపోతే అలాంటి దారే అక్కడ వెతకండి. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. మిగిలిన సగంలో హార్వెస్టర్ ఎదురైతే మట్టిలోకి దిగాల్సిందే. ఆ దిగడం కూడా లెక్కలో పెట్టుకోండి.

అమ్మానాన్నను కూడా తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. ఈ కార్లు కిందికి ఉంటాయి, పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎక్కి దిగడం చూస్తే బ్రోచర్ చెప్పనిది తెలుస్తుంది.

పెట్రోలా, డీజిలా?

డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా నడవాలి. ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి యార్డుకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిల్ వద్దు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లకు నప్పుతుంది. పెట్రోల్ అయితే ట్యాంకు మూత లోపల రాసిన ఆక్టేన్ నంబర్, ఇథనాల్ శాతం చూడండి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు ఆ ఏడాది మోడల్ సరిపోతుందో లేదో కంపెనీ నుంచి మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

నీళ్లు, ఇన్సూరెన్స్

2024 సెప్టెంబర్ 1న మన జిల్లాలోని కోదాడలో వరదకు కార్లు కొట్టుకుపోయాయి. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్‌లోకి పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీలో దీన్ని మీ నిర్లక్ష్యం కింద తీసేసే అవకాశం ఎక్కువ. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ అందుకే. జీరో డిప్రిసియేషన్ కూడా ఈ సెగ్మెంట్‌లో తప్పనిసరి అనుకోండి. కొత్త కారుకైతే తొలి ఏళ్లలో రిటర్న్ టు ఇన్‌వాయిస్ తీసుకోండి. అది లేకపోతే కారు పూర్తిగా పోయినప్పుడు ఐడీవీ వస్తుంది, కట్టిన లైఫ్ ట్యాక్స్ రాదు. నీళ్లలో ఆగితే తాళం తీసి, ఫ్లాట్‌బెడ్ కోసం ఫోన్ చేయండి. తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగించొద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా పోతుంది.

స్క్రీన్ వయసు, కారు వయసు

మన సైట్ పాఠకులకు ఇది ముఖ్యం. ఏ-క్లాస్ లోపల 10.25 అంగుళాల స్క్రీన్లు రెండు, పిలిస్తే పలికే వాయిస్ అసిస్టెంట్, ఫోన్ యాప్‌తో లాక్. చూడగానే మనసు పోతుంది. కానీ స్క్రీన్ ఫోన్‌లా ముసలిదవుతుంది, ఇంజిన్ కారులా ముసలిదవుతుంది. ఆరేళ్ల ఫోన్ పక్కన పెట్టి కొత్తది కొంటాం. కారులో స్క్రీన్ ఒక్కటే మార్చుకోలేం, ఎందుకంటే ఏసీ, కెమెరా, సెట్టింగ్స్ అన్నీ దాని గుండానే నడుస్తాయి. అందుకే ఫీచర్ లిస్ట్ కాకుండా ఈ మూడు అడగండి: కనెక్టెడ్ సర్వీస్ ఎన్నేళ్లు ఫ్రీ, ఆ తర్వాత ఏడాదికి ఎంత, ఏది ఆగిపోతుంది?

సెకండ్ హ్యాండ్ అయితే పాత ఓనర్ తన యాప్ నుంచి కారును తీసేశాడా చూడండి. తీయకపోతే మీ కారు ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉండొచ్చు. పైసలు ఇచ్చే ముందే మీ కళ్ల ముందు ఆ లింక్ తీయించి, సిస్టమ్ రీసెట్ చేయించండి. రెండు తాళాలూ తీసుకోండి.

పాత కారును ఎలా చెక్ చేయాలి?

• బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టండి. ఎర్రర్ కోడ్ లేదని సంబరపడొద్దు. "రెడీనెస్ మానిటర్లు" చూడండి. చాలావరకు "నాట్ రెడీ" అని వస్తే ఈ మధ్యే కోడ్లు చెరిపేశారని అనుమానించాలి.

• టైరు మీద నాలుగంకెల కోడ్ చూడండి. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైంది. నాలుగు టైర్లు ముసలివైతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

• సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపల మట్టి మరక ఉంటే నీళ్లలో మునిగిన కారు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుంది కదా.

• సర్వీస్ రికార్డు అమ్మేవాడి చేతి నుంచి కాకుండా, ఛాసిస్ నంబర్‌తో బ్రాండ్ సర్వీస్ సెంటర్ నుంచే తెప్పించండి. అక్కడే డబ్బు కట్టి ఇన్‌స్పెక్షన్ కూడా చేయించండి.

• ఢిల్లీ నంబర్ కారు చవకని మురిసిపోవద్దు. ఎన్‌వోసీ తెచ్చి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం కలిపి పోల్చండి.

• ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

ఎవరు కొనొచ్చు? ఎవరికి వద్దు?

పనిమీద హైదరాబాద్ తరచూ పోయేవాళ్లు, ఇంట్లో ఊరి దారులకు ఇంకో బండి ఉన్నవాళ్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీ వర్తించే కారు దొరికినవాళ్లు, కారు విలువలో పది శాతం విడిగా బ్యాంకులో పెట్టుకోగలిగినవాళ్లు కొనొచ్చు. పైన చెప్పిన 22 లక్షల కారుకు ఆ పది శాతం 2.2 లక్షలు. దాన్ని రిపేర్‌కు తప్ప ముట్టుకోవద్దు. మూడేళ్లు ముట్టుకునే అవసరం రాకపోతే అంతకంటే సంతోషం లేదు.

ఇంటికి ఇదొక్కటే బండి అయితే, నాలుగు లక్షలు దాకా అప్పు చేసి మరీ అంచు మీద కొంటుంటే, లేదా భూమి అమ్మిన పైసల్లో పెద్ద భాగం ఇందులోకే పోతుంటే వద్దని చెప్తాను. ఆ బడ్జెట్‌లో కొత్త సెడాన్ వారంటీతో వస్తుంది, సర్వీస్ సూర్యాపేటలోనే అవుతుంది, తమ్ముడు నడిపినా గుండె దడ ఉండదు.

ఇంకా మనసు ఒప్పుకోకపోతే ఒక పని చేయండి. మీరు చూసిన కారుకు హెడ్‌ల్యాంప్, ముందు బంపర్, నాలుగు టైర్లు, గేర్‌బాక్స్ ఆయిల్ సర్వీస్, ఈ నాలుగింటి ధర సర్వీస్ సెంటర్ నుంచి కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం ఇంట్లో అందరి ముందు పెట్టండి. అది చదివాక కూడా ఇంట్లోవాళ్లు సరే అంటే, ధైర్యంగా టోకెన్ ఇవ్వండి.