సూత్రధారి చాకిరీ

బల్ల చుట్టూ ఐదుగురు కూర్చుని ఆడే ఆటలో నలుగురికి సరదా, ఐదోవాడికి చాకిరీ అయితే ఆ ఆట ఎన్నాళ్ళు నిలుస్తుంది? పాత్రధారణ ఆటలు ఆడేవాళ్ళ మధ్య ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న రాక తప్పదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఈ ఆటలో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరిస్తారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. ‘నేను తలుపు తోస్తాను’ అంటాడు ఆటగాడు. తలుపు వెనక ఏముందో చెప్పేవాడు, శత్రువుల తరఫున పాచికలు వేసేవాడు గేమ్ మాస్టర్. మా హాస్టల్లో అతన్ని సూత్రధారి అంటాం. మిగతావాళ్ళు చేతులూపుకుంటూ వస్తారు. అతను మాత్రం ముందురోజు రాత్రి కూర్చుని అంతా సిద్ధం చేసుకోవాలి. మా బృందంలో ఆట రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ ఆటగాళ్ళు లేక కాదు, సూత్రధారి ప్రాక్టికల్ రికార్డులు రాసుకోవలసిన రోజులు వచ్చి.

నిబంధనల పుస్తకం లావైతే తయారీ ఎక్కువ, సన్నమైతే తక్కువ అని చాలామంది అంటారు. అది సగం నిజమే.

ఈ తగాదా ఈ ఆటలకంటే పాతది. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి 1824లో ఒక యుద్ధక్రీడ ప్రవేశపెట్టాడు. పటం మీద సేనల్ని నడపటం, పాచికలు వేసి నష్టాలు పట్టికల్లో చూడటం. పట్టికలన్నీ పట్టుకుని తీర్పు చెప్పవలసినవాడు మధ్యస్థుడు. కాలం గడిచినకొద్దీ ఈ బరువు మోసే మధ్యస్థులు దొరకటమే కష్టమైంది. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే సేనాని, పాచికలూ పట్టికలూ పక్కనపెట్టి అనుభవమున్న అధికారి తన బుద్ధితోనే తీర్పు చెప్పవచ్చన్నాడు. చాకిరీ తగ్గింది. కాని అనుభవం లేనివాడు ఆ కుర్చీలో కూర్చోలేడు! ఈ మెలిక గుర్తుంచుకోండి.

ఇక గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. మూడు చిన్న పుస్తకాలు, అంతే. ఇప్పటివాటి పక్కన పెడితే కరపత్రాల్లా వుంటాయి. అయినా ఆట మొదలుపెట్టే ముందు సూత్రధారి పాతాళగృహానికి కనీసం అరడజను అంతస్తుల పటాలు గీసుకోవాలని అందులో చెప్పారు. నిబంధనలు కొంచెం, తయారీ కొండంత. అంచేత ఈ రెండింటినీ ఒకటే అనుకోవటం పొరపాటు.

అసలు చూడవలసింది లెక్కలు ఎక్కడ చేయాలన్నది. ఇదే ఆటకు 2000లో వచ్చిన మూడో కూర్పు తీసుకుందాం. అందులో రాక్షసుణ్ణి కూడా ఆటగాడి పాత్ర కట్టినట్టే కట్టాలి. ఒక రాక్షసుడి బలం 18 నుంచి 22 చేశాననుకోండి. బలంలోంచి పది తీసి రెండుతో భాగిస్తే వచ్చేది అతని అదనపు విలువ. అది 4 నుంచి 6 అయింది. దెబ్బ తగిలే అవకాశం రెండు పెరిగింది. రెండు చేతుల గద అయితే గాయానికి ఒకటిన్నర రెట్లు కలపాలి కాబట్టి 6 కాస్తా 9. ఎక్కటం, దూకటం, పట్టు పట్టటం, ఇవన్నీ మళ్ళీ దిద్దాలి. ఒక్క అంకె మారిస్తే కాగితమంతా కొట్టివేతలే. తీరా ఆటలో ఆ రాక్షసుడు మూడు వంతుల్లో చచ్చిపోతాడు. అతను ఎంత ఎత్తు దూకగలడో ఎవరికీ అక్కర్లేదు. బూడిదలో పోసిన పన్నీరు!

అయితే దాని మేలు కూడా చెప్పాలి. ‘కావలివాడికి నా అడుగుల చప్పుడు వినిపించిందా?’ అని దొంగ అడిగితే జవాబు కాగితం మీద వుంటుంది. సూత్రధారి పక్షపాతం చూపాడని పోట్లాట రాదు. లెక్కలంటే ఇష్టమున్న నాబోటివాడికి ఆ కట్టుబాటులో ఒక అందం కూడా కనిపిస్తుంది, కాదనను.

2014 నాటి ఐదో కూర్పులో అంకెలు సిద్ధంగా ఇచ్చారు గాని పోరాటం తూచటానికి వేరే లెక్క పెట్టారు. ఒక్కో గాబ్లిన్‌కి 50 పాయింట్లు. నలుగురైతే 200. ముగ్గురి నుంచి ఆరుగురి దాకా శత్రువులుంటే రెట్టింపు చేయాలి కాబట్టి 400. మొదటి స్థాయి ఆటగాళ్ళు నలుగురికి ‘ప్రాణాంతకం’ అనే గీత సరిగ్గా అక్కడే! తమాషా ఏమిటంటే, ఆ ఏడాదే కొత్తవారి కోసం అమ్మిన పెట్టెలోని కథ నలుగురు గాబ్లిన్ల మాటుదాడితోనే మొదలవుతుంది. 2024లో వచ్చిన కొత్త గ్రంథంలో ఈ గుణకాన్ని తీసేశారు. మంచిపని చేశారు.

రెండో కొసన 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ వుంది. అందులో సూత్రధారి పాచికలే వేయడు. ఆటగాడు రెండు పాచికలు వేసి తన విలువ కలుపుతాడు. పది గాని అంతకు మించి గాని వస్తే గెలుపు, ఏడు నుంచి తొమ్మిదైతే ఏదో ఒక మూల్యం చెల్లించాలి, ఆరు గాని అంతకు తక్కువ గాని వస్తే సూత్రధారి ఏదైనా చేయవచ్చు. ముందురోజు లెక్కలేమీ లేవు. కాని ఆ ‘ఏదైనా’ ఏమిటో అక్కడికక్కడే, నలుగురూ మొహం వంక చూస్తుండగా, తోచాలి.

మా ఇంట్లో వరి రెండు విధాలా వేశారు. నారు పోసి నాటితే కూలి ముందే అవుతుంది. నేరుగా వెదజల్లితే నాట్ల ఖర్చు మిగులుతుంది గాని కలుపు విపరీతంగా వస్తుంది, మిగిలిన కూలి దానికే పోతుంది. ఆటలోనూ అంతే. పని పోదు, రోజు మారుతుంది.

కనుక ఏ ఆట మంచిదని నన్నడిగే మిత్రులను నేను తిరిగి అడిగేది ఒకటే: ఆడబోయే ముందు నీకు తీరికుందా, ఆడేటప్పుడు నీకు తడబాటుందా? తీరిక వుండి తడబడేవాడికి లావుపాటి పుస్తకమే ఆసరా. మాటకారికి, ట్యూషన్లు చెప్పుకుంటూ చదివేవాడికి సన్నని పుస్తకం చాలు. ఒకవేళ లావు పుస్తకమే పట్టుకున్నా, దెబ్బ, గాయం, ప్రాణం అనే మూడు అంకెలు మించి రాసుకోవద్దంటాను. మిగతావి ఎవరైనా అడిగినప్పుడు చూసుకోవచ్చు.

ఈ ఏడాది మా గదిలో మొదటి సంవత్సరం కుర్రాడొకడు సూత్రధారిగా కూర్చున్నాడు. అతని ముందు ఒక పటం, ఆ మూడేసి అంకెలు రాసిన చీటీలు, ఆ గాబ్లిన్లకు ఏం కావాలో చెప్పే ఒక వాక్యం వున్నాయి. వాళ్ళకు కావలసింది ఉప్పు. రాత్రి పదకొండుకి వార్డెన్ దీపాలు ఆర్పించేదాకా మావాళ్ళు ఆ ఉప్పు బేరమే ఆడారు.